యాకూబ్ అన్న నల్లా

ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. నోటిదాకా తెచ్చుకోవడం, మింగెయ్యడం, ఇదే అలవాటైపోయింది. మీకు నేనెవరో తెలియదు, అందుకే మీ ముందు నోరు పెగులుతోంది. ఒక మంచి మనిషి నా తప్పును తన తప్పని నమ్మి బతుకుతున్నాడు. అది నన్ను తినేస్తోంది.

ఎనభైల చివరి మాట. గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లు దొరకని కొందరం ఊరి చివర ప్లాట్లు కొనుక్కుని ఇళ్లు కట్టుకున్నాం. బొగ్గుబాయిలో పనిచేసేవాళ్లు, దుకాణాలవాళ్లు, మెకానిక్కులు. మున్సిపాలిటీ నీళ్లు రావు కనుక అందరం కలిసి బోరు వేయించి, ట్యాంకు కట్టి, కాలనీ కమిటీ పెట్టుకున్నాం. నల్లా ఉన్న ఇంటికి నెలనెలా చందా. ట్యాంకు నీళ్లు నలభై ఇళ్లకే సరిపోతాయి, కాబట్టి నలభై నల్లాలే. మిగతావాళ్లు వరుసలో ఆగాలి.

నేను బాయి ఆఫీసులో క్లర్కును. సర్క్యులర్లు టైపు చేసి చేసి ఆ భాష ఒంటబట్టింది. అందుకే నన్ను సెక్రటరీని చేశారు. రూల్సు కూడా నేనే రాశాను, 'తగు చర్య తీసుకొనబడును' అంటూ. ఉన్నది ఒక్కటే పుస్తకం, అది మా బీరువాలో. ఎవరికే సందేహం వచ్చినా మా గుమ్మం దగ్గరికొచ్చి "రూలు ఏమంటది సారూ?" అని అడిగేవాళ్లు, రూలు మా ఇంట్లో ఉండే పెద్దమనిషి అయినట్టు. అలా అడిగించుకోవడం నాకెంత బాగుండేదో!

ఐదో రూలు ఇది. ఇంటికి తాళం వేసి వెళ్లేవాళ్లు ముందుగా చీటీ రాసిస్తే అన్నాళ్లూ చందా లేదు, నల్లా అలాగే ఉంటుంది. చీటీ ఇవ్వకుండా మూడు నెలలు చందా ఆపితే నల్లా తీసేసి వరుసలో ముందున్నవాళ్లకు ఇవ్వాలి. అందరికంటే ముందున్నది మా బావ. వీధి చివర బోరింగు కొట్టి బిందెలు మోసుకొచ్చే మా అక్క, తమ్ముడు సెక్రటరీ అయితే నాకేం ఒరిగిందని నాకు వినపడేలా అనేది.

యాకూబ్ అన్నది మా ఎదురిల్లు. లారీల మెకానిక్కు. చదువు లేదు, చేతిలో పని ఉంది. ఒక ఆదివారం పొద్దున చేతులకు గ్రీసుతోనే వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

"సారూ, మా ఇంట్లామెకు కడుపుల ఆపరేషనట. వరంగల్ దవాఖానకు తీస్కపోతున్న. అక్కడ మా అత్తోళ్లింట్ల మూడు నాలుగు నెలలు ఉండాలె. ఇంటికి తాళమే. రూలు ఏమంటది? నేనేమన్న చెయ్యాల్నా?"

చీటీ రాసి పెట్టు అనాలి. అంతే. రెండు మాటలు. కాగితం, కలం బల్ల మీదే ఉన్నాయి. నేనే రాసి, ఆయన వేలిముద్ర తీసుకోవచ్చు.

"ఏం చెయ్యనక్కర్లే అన్నా. ఫికర్ చెయ్యకు. ముందు వదిన పానం చూస్కో. వచ్చినంక చూద్దాం."

"పక్కానా సారూ?"

"పక్కా."

ఆయన కళ్లనిండా నీళ్లు పెట్టుకుని దండం పెట్టి వెళ్లాడు. ఛీ! ఆ దండం నేను తీసుకున్నాను కూడా.

మూడు నెలలు నిండగానే మీటింగులో ఐదో రూలు చదివాను. ఎవరూ కాదనలేదు. వారంలో బావ వాళ్లింట్లో నల్లా వచ్చింది.

ఎదురింటివాళ్లు తిరిగొచ్చేసరికి వాళ్ల గోడ దగ్గర కోసేసిన పైపు ఉంది. యాకూబ్ అన్న కమిటీ ముందుకొచ్చాడు. నేను మళ్లీ రూలు చదివాను, గొంతు వణకలేదు. 'చీటీ' అన్న మాట దగ్గర ఆయన నా వైపు చూశాడు. ఇప్పుడు అందరి ముందూ నా పేరు చెబుతాడు, నా పని అయిపోయింది అనుకున్నాను. ఆయన తల వంచుకుని, "నాకు చదువు రాదు గద, సారు చెప్పింది నేనే సమజ్ చేస్కోలేదు కావచ్చు," అన్నాడు. ఏదీ దాచాల్సిన అవసరం కూడా రాలేదు. నా మాట మీద ఆయనకున్న నమ్మకమే నన్ను కాపాడింది.

ఆపరేషనయి ఇంకా పూర్తిగా కోలుకోని వదిన బోరింగు దగ్గర నిలబడేది. ఆయన డ్యూటీకి పోయేముందు నాలుగు బిందెలు తెచ్చిపెట్టేవాడు, ఎండాకాలం అవేం సరిపోతాయి? ఒకరోజు చంకలో బిందెతో సగం దారిలో కూలబడిపోయింది. కిటికీలోంచి చూశాను. మా నల్లా కింద బకెట్ నిండి పొర్లుతోంది. లేచి వెళ్లలేదు. వెళ్తే ఆమె నన్ను మంచివాడనుకుంటుందని భయమేసింది. లేదు, ఇదీ అబద్ధమే. ఒక్క బిందె ఇస్తే ఎందుకిచ్చానో నాకు నేను చెప్పుకోవాల్సి వస్తుంది. అదీ భయం.

ఏడాది తిరక్కుండానే ఇల్లు అమ్ముకుని రామకృష్ణాపూర్ వైపు వెళ్లిపోయారు.

అక్క కోసం చేశానని చాలా ఏళ్లు సర్దిచెప్పుకున్నాను. అక్క నన్ను అబద్ధం చెప్పమందా? లేదే. ఆ గుమ్మంలో నిలబడ్డ క్షణాన ఒక మనిషి నీళ్లు నా నాలుక మీద ఉన్నాయని నాకు తెలుసు. అది నాకు రుచించింది.

చాలా ఏళ్లకు మంచిర్యాల బస్టాండులో కలిశాడు. గడ్డం తెల్లబడింది. వదిన ఎలా ఉందని అడగడానికి ధైర్యం చాలలేదు. పక్కనున్న తన అల్లుడికి నన్ను చూపించాడు. "ఈ సారు మా కాలనీ సెక్రటరీ. బహుత్ అచ్ఛే ఆద్మీ. పోయేముందు చీటీ రాసియ్యమని మంచిగ చెప్పిండు. నాకే దిమాక్‌ల ఎక్కలే. ఆ ఒక్క తప్పుకు మా ఇంట్లామె ఎంత తిప్పలపడ్డదో!"

నేను నవ్వాను. బస్సొచ్చింది, ఎక్కాను.

ఆ మాట అక్కడ అనలేకపోయాను, ఇక్కడ అంటున్నాను. చీటీ సంగతి నేను చెప్పలేదు. ఆయన అడిగాడు, రెండుసార్లు అడిగాడు. నేను చెప్పలేదు.