గ్రహణం మీదికి నెట్టిన తప్పు

ఇన్నేళ్ళూ ఈ బరువుతోనే తిన్నాను, పడుకున్నాను, మగ్గం మీద కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియని మనిషి కాబట్టే చెప్పగలుగుతున్నాను. నా కడుపున పుట్టినదానికి మాత్రం చెప్పలేకపోయాను.

మేము షోలాపూర్ రాకముందే, ఊళ్ళో, నా మొదటి బిడ్డ, కొడుకు, చిన్నతనంలోనే పోయాడు. తెల్లగా ఉండేవాడు, రాగిరంగు జుట్టు. మా వైపు అమ్మను అవ్వా అంటాం; నాలుగేళ్ళొచ్చినా వాడు ఆ మాట అనలేదు. వాడి తడిబట్టలు ఎంత ఉతికినా ఎలుకల వాసన వచ్చేవి. నేనూ నా భర్తా మేనరికమే. తరువాత కూతురు పుట్టింది, చక్కగా పెరిగింది. మా అమ్మ పోతే నా చంటి తమ్ముణ్ణీ నేనే పెంచాను. ఆ ఇద్దరికీ పెళ్ళి చేస్తే ఇద్దరూ నా కళ్ళముందే ఉంటారనుకున్నాను. ఆ ఆశే నన్ను ముంచింది.

ముహూర్తం పెట్టుకున్నాక, కుమఠా నాకా దగ్గరి మా వాడకు ఒక డాక్టరమ్మ వచ్చింది. బుద్ధి ఎదగని పిల్లలున్న ఇళ్ళు వెతుకుతూ, ఎవరు ఎవరిని చేసుకున్నారో అడుగుతోంది. ఇది శాపం కాదనీ, తల్లి నుంచీ తండ్రి నుంచీ కలిసి వచ్చేదనీ, అలాంటి ఇంట్లో మళ్ళీ మేనరికం వద్దనీ మరాఠీలో విడమరచి చెప్పింది. మీ ఇంట్లో ఏ పిల్లవాడి బట్టలైనా ఎలుకల వాసన వచ్చేవా అని అడిగింది. లేదన్నాను. ఆమె మాట నమ్మలేదా? నమ్మాను. నమ్మాను కనుకనే అంత గబుక్కున లేదన్నాను.

పెళ్ళైంది. మనవడు పుట్టాడు. కొన్నాళ్ళకు వాడి బట్టలు పిండుతుంటే అదే వాసన. బట్టలు మళ్ళీ నీళ్ళలో ముంచి, మళ్ళీ ఉతికాను.

వాడికి నడకా రాలేదు, మాటా రాలేదు. ఒకనాడు నా కూతురు మగ్గానికి నూలు కండెలు చుడుతూ చుడుతూ రాట్నం ఆపింది.

"అవ్వా, సేటుకు మాల్ జల్దీ కావాల్నంటే, వీడు కడుపుల ఉన్నప్పుడు గ్రహణం నాడు నువ్వొద్దన్నా ఇనకుండ కండెలు చుట్టిన. గందుకేనా వీడిట్లయిండు?"

నీ తప్పేమీ లేదు బిడ్డా, అంతా నాదే. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"ఎవలకెర్క బిడ్డా. అయితే అయ్యుండొచ్చు," అన్నాను.

అది తన చేతులవంక చూసుకుంది. "నా చేతులిరిగిపోను," అంది మెల్లగా.

డాక్టరమ్మతో ఆశకొద్దీ అబద్ధమాడాను. కూతురితో ఎందుకాడాను? అది నన్ను అసహ్యించుకుంటుందేమోనని భయపడి, అది తనను తానే అసహ్యించుకునేలా చేశాను. తల్లి చేసే పనేనా ఇది?

మనవడు ఐదో ఏడు నిండకుండానే పోయాడు. దానికి మళ్ళీ కడుపు పండలేదు. ఇప్పటికీ గ్రహణం వస్తోందంటే చాలు, చుట్టుపక్కల కడుపుతో ఉన్న ఆడపిల్లల ఇళ్ళకు నా కూతురు వెళ్ళి, "నా లెక్క చెయ్యకుండ్రమ్మా" అని చేతులు పట్టుకుని బతిమాలుతుంది. నేను గుమ్మంలో కూర్చుని అది వింటాను.

క్షమించమని ఎవరినీ అడగను. అడగవలసిన మనిషి ఎదురుగానే ఉన్నా నోరు రాదు. మీకిలా రాస్తే కొంచెం ఊపిరి ఆడుతోంది, అంతే. అది ఏ తప్పూ చేయలేదు. చేసింది నేను.