సుజాత సిస్టర్ అనని మాట

దెయ్యాలు, శకునాలు అని ఎవరైనా మొదలుపెడితే టీ గ్లాసు పట్టుకుని పక్కకు జరిగే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. ఇది దెయ్యం కథ అని కూడా అనను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా పని కోడెక్ తయారుచేయడం. మాటను చిన్న ముక్కలుగా కుదించి పంపి, అవతల మళ్ళీ మాటగా విప్పే సాఫ్ట్‌వేర్ అది. సిగ్నల్ సరిగ్గా అందని అడవి ఊళ్ళ నుంచి నర్సులు డాక్టరుతో ఆలస్యం లేకుండా మాట్లాడాలన్నది మా ప్రయత్నం. రెండేళ్ళుగా ఆ ఆలస్యాన్ని రెప్పపాటులో సగానికి, అందులో సగానికి తగ్గించడమే నా బతుకైపోయింది. హెడ్‌ఫోన్లు తీసేశాక కూడా చెవుల్లో హోరు ఆగేది కాదు.

అశ్వారావుపేటలో ఒక కిరాయి గదిలో నేనుండేవాణ్ని. రెండో లాప్‌టాప్ భద్రాచలం వైపు అడవిలో, ఒక ఊరి సబ్‌సెంటర్లో పెట్టాం. అక్కడి నర్సు సుజాత రోజూ పదింటికి మేము రాసిచ్చిన వాక్యాలు మైకులో చదివేది. "సార్, ఇవి చదివి చదివి నా పిల్లలు గూడ నేర్చుకున్నరు" అని నవ్వేది.

ఆ రోజు ఆమె చదవడం ముగించి లాప్‌టాప్ మూసేసింది. పదకొండు దాటింది. నేను మాత్రం మాటలు రికార్డు చేసే ప్రోగ్రాం ఆపకుండానే కుర్చీలో వెనక్కి వాలాను. హెడ్‌ఫోన్లు తీసే ఓపిక లేదు.

"సార్, బండి రాలే." హెడ్‌ఫోన్లలో సుజాత గొంతు. ఏడుస్తోంది. "సోమమ్మ పోయింది సార్. కడుపుల బిడ్డ గూడ. గంట ముందు బండి వచ్చుంటే బతుకుతుండె."

వెంటనే ఆమెకు ఫోన్ చేశాను. మూడోసారికి కలిసింది. సోమమ్మకు ఏమైందని అడిగాను.

"పై గూడెం సోమమ్మనా?" మామూలుగానే ఉంది గొంతు. "ఆమెకు ఇంకా నెల ఉంది సార్. మొన్ననే చూసిన, మంచిగనే ఉంది. ఎవరు చెప్పిండ్రు మీకు?"

సోమమ్మ అనే మనిషి ఉందనే నాకు అప్పటిదాకా తెలియదు. అంబులెన్స్‌ని పిలవమన్నాను.

"ఉట్టిగ ఎట్ల పిలుస్త సార్? నా ఉద్యోగం పోతది."

చివరికి నేనే పిలిచాను. పేషెంటు పేరు సోమమ్మ అని చెప్పాను. నిజంగా అవసరమున్న ఇంకెవరికైనా ఆ బండి అందకపోతే ఏం చేయాలన్న భయంతో గదిలోనే తిరుగుతూ ఉండిపోయాను.

బండి చేరడానికి గంటన్నర పట్టింది. పేషెంటు ఏదని డ్రైవర్ సుజాతను నిలదీస్తుండగానే సోమమ్మను మంచం మీద మోసుకొచ్చారట. రక్తస్రావం ఆగడం లేదు. భద్రాచలం దవాఖానాలో ఆపరేషన్ చేశారు. తల్లీ బిడ్డా దక్కారు.

అలసటలో కునుకు పట్టి కలగన్నానేమో అనుకుందామంటే, రికార్డింగ్ ఉంది. పదకొండు సెకన్లు. ఆ సమయంలో అటునుంచి ఒక్క ముక్క కూడా వచ్చినట్టు, వచ్చీపోయేవన్నీ నమోదయ్యే లాగ్‌లో లేదు. దారిలో ముక్క పోతే మా కోడెక్ అంతకుముందు విన్నదాన్నిబట్టి ఆ ఖాళీని పూడుస్తుంది, నిజమే. కానీ అది మహా అయితే ఒక అక్షరం మేర. ఏడుపునీ, నేనెరగని మనిషి పేరునీ కల్పించడం దానివల్ల కాదు. హైదరాబాదు ఆఫీసులో మావాళ్ళకు పంపాను. వాళ్ళకూ అంతుపట్టలేదు.

నెలన్నర తర్వాత ఆ ఊరు వెళ్ళి సుజాతకు వినిపించాను. రెండుసార్లు విన్నది.

"గొంతు నాదే సార్," అంది. "ఈ మాటలు నేను అనలే. ఇది సోమమ్మకు వినిపించకుండ్రి."

సోమమ్మ ఆ రోజు బిడ్డకు టీకా వేయించడానికి వచ్చి వరండాలో కూర్చుని ఉంది. నన్ను చూసి తన భాషలో ఏదో అడిగింది.

"మీకు ఎవరు చెప్పిండ్రని అడుగుతుంది సార్," అంది సుజాత, నా వైపు చూడకుండా.

"ఫోన్ వచ్చిందని చెప్పండి" అన్నాను.

సోమమ్మ తలూపి బిడ్డను భుజం మీదికి మార్చుకుంది. ఎవరి దగ్గర్నుంచి అని అడగలేదు.