వెండి అని రాసిన వెండి

మా నాన్న పోర్టులో ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి విశాఖ వచ్చారు. నేను స్టీల్ ప్లాంటులో చేరాను. తయారైన ఉక్కు దిమ్మెల మీద నంబర్లు సరిగా పడ్డాయో లేదో చూడటం అక్కడ చాలా ఏళ్లు నా పని. ఏ కొలిమిలో ఎప్పుడు కరిగిన ఉక్కో ఆ నంబరే చెబుతుంది. లోహంలోకి ముద్ర దిగితే చుట్టూ అంచు ఎలా ఉబ్బుతుందో, అరిగితే ఏ గీత ముందు పోతుందో కళ్లకు అలవాటైపోయింది. రిటైరయ్యాక ఒక నాణేల ప్రదర్శనలో జపాన్ వెండి యెన్ చేతిలోకి తీసుకున్నాను. ఒకవైపు మెలికలు తిరిగిన డ్రాగన్, రెండోవైపు ఆకుల దండ. నా చూపు మాత్రం దండ మధ్యలో, విలువ రాసిన అక్షరాల పక్కన ఉన్న చిన్న గుండ్రటి ముద్ర దగ్గరే ఆగిపోయింది.

జపాన్ బంగారు నాణేల పద్ధతికి మారినప్పుడు, బయటి దేశాల్లో చెలామణికి పంపే వెండి యెన్ల మీద ఆ ముద్ర కొట్టారట. అందులో ఉన్న అక్షరాన్ని గిన్ అంటారు, వెండి అని అర్థం. ఒసాకాలో కొట్టింది ఎడమవైపు ఉంటుంది, టోక్యోలో కొట్టింది కుడివైపు. అసలుదో నకిలీదో తేల్చుకోవడానికి నేను ముందు నాణేన్ని తిప్పి చూస్తాను. నిజంగా సుత్తి దెబ్బ పడ్డ నాణెమైతే, ముద్రకు సరిగ్గా వెనక డ్రాగన్ పొలుసులు కొంచెం చదునుగా నలిగి ఉంటాయి. అచ్చుపోసిన నకిలీలో ముద్ర ఉంటుంది కానీ ఆ దెబ్బ ఉండదు. నాలుగేళ్లుగా వీటిని సేకరిస్తున్నాను, నాకు దొరికినవన్నీ ఎడమవే.

మా వీధికి చేపలు తెచ్చే ఆవిడది జాలరిపేట. ఎన్నో ఏళ్లుగా ఆవిడ దగ్గరే కొంటున్నాం. ఆరోజు వంజరాలు తూచి ఇచ్చాక కూడా గంప ఎత్తుకోలేదు. మా ఆవిడ నా నాణేల సంగతి చెప్పి ఉంటుంది, చేపలావిడ నన్ను బయటికి రమ్మంది. మెడలోని నల్లతాడు విప్పి నా చేతిలో పెట్టింది. తాడు చివర ఒక యెన్ నాణెం.

"ఇది ఎండో తగరమో సెప్పండి బాబూ. మా తాత రంగం నుంచి తెచ్చినాడు. కొట్టోడు తగరమనీసినాడు. మా యమ్మకి నాను ఏటని సెప్పాలి?"

రంగమంటే రంగూన్. ఆవిడ తాత అక్కడ రేవులో కూలి చేశాడట. యుద్ధం వచ్చి ఓడలు ఆగిపోతే అడవుల వెంట నడుచుకుంటూ వచ్చేశాడట. ఒంటి మీద మిగిలింది ఈ నాణెం ఒక్కటే. ఆవిడ తల్లి దాన్ని ముసలితనం వచ్చేదాకా వేసుకుని, తర్వాత కూతురి మెడలో వేసింది.

భోజనాల బల్ల మీద గుడ్డ పరిచి భూతద్దం తెచ్చాను. ఆవిడ కుర్చీలో కూర్చోనంది, గుమ్మంలోనే నిలబడి చూసింది. అయస్కాంతం నాణేన్ని పట్టలేదు. బరువు కాస్త తగ్గింది, పై అంచున చిల్లు ఉంది, పైగా బాగా అరిగింది కాబట్టి అంతమాత్రం తగ్గాలి కూడా. దండ వైపు ముద్రేమీ కనిపించలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురు ఏటవాలుగా పడేలా వంచాను. అప్పుడు లేచింది, ఊదితే పోయేంత సన్నటి గుండ్రం. కుడివైపు. తిప్పి చూశాను. సరిగ్గా దాని వెనక పొలుసులు నలిగి ఉన్నాయి.

ఎక్కడో టోక్యోలో ఒక మనిషి నాలాగే బల్ల ముందు కూర్చుని, సుత్తి ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు. ఆ దెబ్బ సముద్రాలు దాటి, అడవి దాటి, రెండు తరాల ఆడవాళ్ల చెమటలో నానుతూ, ఇన్నేళ్లు మా గుమ్మం ముందు నుంచే గంపతో పాటు నడిచి వెళ్లింది. నేను ఎడమవాటిని వరసగా పేర్చుకుంటూ ఇంట్లో కూర్చున్నాను.

నిజమైన వెండేనని, జపాన్ రూపాయని చెప్పాను. ఆవిడ దగ్గరికొచ్చి వంగి చూసింది.

"ఆ గుండ్రంలో ఏటి రాసుంది?"

"వెండి అని."

నాణెం అందుకుని తనూ వెలుతురుకి వంచి చూసింది. తర్వాత నెమ్మదిగా అంది. "ఎండి మీద ఎండి అని రాసీసినారా. అయినా ఆ కొట్టోడు నమ్మనేదు సూడండి."

ఈ మాట నేనే వచ్చి తల్లికి చెప్పాలని పట్టుబట్టింది. మర్నాడు పొద్దున్నే జాలరిపేట వెళ్లాను. తల్లి అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చూపు పోయి చాలా ఏళ్లయిందట. నేను ఒసాకా, టోక్యో అంటూ చెప్పుకుపోతుంటే మర్యాదకు వింది. తర్వాత చెయ్యి చాపి నాణెం తీసుకుని, బొటనవేలితో ఒక్కసారి తడిమి, ఒకచోట ఆపింది. భూతద్దంతో నేను అంతసేపు వెతికిన చోటు అదే.

"నాకు తెలీదేటి బాబూ," అంది. "సిన్నప్పుడు మా అయ్య గుండెల మీద తొంగుని దీన్నే తడిమీదాన్ని. సందమావ మచ్చ అనీవోడు."

ముప్పై ఏళ్లు ముద్రలు చూసిన కళ్లు నావి.

"కళ్లు మూసుకో. ఏలెట్టు," అంది ముసలావిడ.

కళ్లు మూసుకుని వేలు పెట్టాను. నునుపు తప్ప ఏమీ తెలియలేదు. ఆవిడ నా బొటనవేలు పట్టుకుని కొద్దిగా పక్కకు జరిపింది. అప్పుడు తగిలింది.