మొదటి సంతకం

నాలుగేళ్ల కిందట మా చేనేత సంఘం మీటింగులో నేను మంచినీళ్లకు లేచి వచ్చేసరికి నా కుర్చీలో ఒక నాయకుడి డ్రైవర్‌ను కూర్చోబెట్టారు. రెండు గంటలు తలుపు పక్కన నిలబడ్డాను. అందరూ చూశారు, ఒక్కరూ జరగలేదు. ఆ రోజు నుంచి ఏ మీటింగైనా అందరికంటే ముందు పోయి ముందు వరుసలో కూర్చుంటున్నాను. దాహమైనా లేవను. ఆ పట్టుదలే నన్ను ఇరికించింది.

మొన్న ఎండాకాలం సంఘం అధ్యక్షుడి ఎన్నిక వచ్చింది. పేరుకు అది పార్టీల ఎన్నిక కాదు. కానీ మా కాశిబుగ్గలో పార్టీ ఎవరిని నిలబెడితే వాళ్లు సగం గెలిచినట్టే. అభ్యర్థిని తేల్చడానికి పార్టీ వాళ్లు ఒక ఆదివారం పొద్దున ఫంక్షన్ హాలు మేడ మీదికి సభ్యులను పిలిచారు. బయలుదేరుతుంటే నా భార్య గడపలో అడ్డం నిలబడింది.

"పోయి కూసొని రా. నోరు మాత్రం తెరువకు. రేపు నూలు ఆపితే ఏం నేస్తవ్, నా కొంగు నేస్తవా?"

ఆమె భయం ఉత్తది కాదు. మాకున్నది ఒక్క మగ్గం. దర్రీలు, అదే నేల మీద పరిచే జంపఖానాలు, నేస్తాం. నూలు ప్రతి సోమవారం సంఘం ఇస్తుంది, ఎవరికి ఎంత అన్నది అధ్యక్షుడి మాట. అరవై దాటిన నాకు ఇంకో పని రాదు.

మెట్లెక్కగానే టేబుల్ మీద పొడుగు రిజిస్టర్ ఉంది. పేజీ పై సగం ఖాళీ, కింద సంతకాలకు గీతలు. మా దగ్గర మీటింగులన్నీ అంతే, ముందు సంతకాలు, తర్వాత తీర్మానం. అందరికంటే ముందు వచ్చినవాడిని కనుక మొదటి గీత మీద పేరు రాసి సంతకం పెట్టి, ముందు వరుసలో కూర్చున్నాను. నా తర్వాత వచ్చిన స్నేహితుడు రెండో సంతకం పెట్టి నా పక్కన కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుగా పక్కపక్క మగ్గాలు మావి.

సుబేదారి నుంచి వచ్చిన పార్టీ నాయకుడు చేతులు జోడించి, "ఎవరిని పెడదామో మీరే చెప్పుండ్రి" అన్నాడు.

ఒకాయన లేచి మరమగ్గాల షెడ్ల యజమాని పేరు చెప్పాడు. "ఆయనకు కారున్నది. హైదరాబాద్ ఆఫీసులల్ల పలుకుబడున్నది."

"కారుంటే ఏంది? మగ్గం గుంటల ఎన్నడన్నా కాలు పెట్టిండా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"పెట్టిండు, జారి పడ్డడు!"

హాలంతా నవ్వింది. ఆ నవ్వులోనే ఒకామె గట్టిగా అంది. "మా గల్లీల అక్కను పెట్టరాదుండ్రి? పొద్దంతా మగ్గం మీదనే ఉంటది, మన బాధ ఆమెకెరుక."

"అక్కకు సైను చేసుడే రాదు."

"సైను వచ్చినోళ్లు మనకేం చేసిండ్రు?"

ఆ అక్క గోడ దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. నా మనసు ఆమె వైపే. షెడ్ల యజమాని ఒకసారి సంఘం గోదాములో నేను నేసిన దర్రీని బూటు కాలితో విప్పి చూశాడు. చేతులు ఖాళీగా ఉండి కూడా కాలితో. అది నేను మరిచిపోలేదు, మరిచిపోను. అయినా నోరు తెరవలేదు.

నాయకుడు నవ్వుతూ పెన్ను తీసి రిజిస్టర్‌లో తీర్మానం రాసి చదివాడు. షెడ్ల యజమానిని ఏకగ్రీవంగా నిలబెడుతున్నామట. ప్రతిపాదించినవారు అంటూ నా పేరు చదివాడు.

నేను తలెత్తి రిజిస్టర్ వైపు చూశాను. నాయకుడు నన్నే చూస్తూ అన్నాడు. "మొదటి సంతకం నీదే గద కాకా! మొదలు సంతకం పెట్టినాయనే ప్రతిపాదించినట్టు. రివాజు అదే."

చప్పట్లు మొదలయ్యాయి. పక్కనున్న స్నేహితుడు నా తొడ గిల్లాడు. "ఊకో బావా. నువ్వు గుడ చప్పట్లు కొట్టు."

నేను లేచి నిలబడ్డాను. ధైర్యంతో కాదు. కూర్చుంటే ఆ మాట జీవితాంతం నా పేరుకు అంటుకుంటుందని.

"నేను ప్రతిపాదించలే" అన్నాను.

చప్పట్లు ఆగాయి. "మరి సంతకం?" అన్నాడు నాయకుడు.

"వచ్చిన్నని పెట్టిన. ఎవలనో నిలవెట్టమని పెట్టలే."

తలుపు దగ్గర నిలబడ్డ తెల్లచొక్కా మనిషి ఒకడు ఎంతో మెత్తగా అడిగాడు. "కాకా, మీ ఇల్లు రేషన్ షాపు ఎనుక సందులనే గద?"

అరిచి ఉంటే అంత భయపడేవాణ్ని కాదు.  కుర్చీ వీపు పట్టుకున్నాను. ఏం చెప్పాలో తెలియక ఉన్నది చెప్పాను. "అవు. ఎడమదిక్కు మూడో ఇల్లు."

నాయకుడు పెన్ను నా వైపు తోశాడు. "నీ పేరు నువ్వే కొట్టేసుకో."

పెన్ను తీసుకున్నాను. తీర్మానంలోని నా పేరు మీద మొదలుపెట్టిన గీత వంకర పోయి, పై వరుసలో ఉన్న షెడ్ల యజమాని పేరును అడ్డంగా కోసింది. వెనక ఎవరో పక్కున నవ్వి వెంటనే ఆపేశారు. నాయకుడి ముఖం మారింది. అది చెయ్యి వణికి జరిగిందని చెప్పబోయాను, ఆయన రిజిస్టర్ లాక్కున్నాడు. ఈ రోజుకు కూడా కాశిబుగ్గలో సగం మంది దాన్ని నా తెగింపు అనుకుంటారు. మిగతా సగం పొగరు అనుకుంటారు.

కొత్త పేజీ తీశారు. రెండో సంతకం పెట్టిన నా స్నేహితుడిని పిలిచారు. అతను నా వైపు చూడకుండా వెళ్లి మొదటి గీత మీద సంతకం పెట్టి వచ్చాడు. గోడ దగ్గరి అక్క అప్పటికే లేచి వెళ్లిపోయింది.

షెడ్ల యజమాని గెలిచాడు. తర్వాతి సోమవారం నూలుకు పోయాను. నా ముందున్నతనికి ఎరుపు, నీలం ఇచ్చారు. నాకు తెల్లది ఇచ్చారు. తెల్ల దర్రీకి కూలి తక్కువ.

"రంగు నూలే లేదా, నాకే లేదా?" అన్నాను.

గోదాము మనిషి గొంతు తగ్గించాడు. "కాకా, జర ఊకో. తెల్లదన్నా వస్తాంది. తీస్కపో."

వరుసగా ఐదు వారాలు తెల్లదే. స్టాకు లేకనా, శిక్షా, ఎవరూ చెప్పరు. ఒక్కమాట చెబితే భయానికి ఒక హద్దు ఉండేది. తెల్ల దర్రీలు నేస్తున్నాను. సందులో బండి ఆగిన చప్పుడైతే నా చేతులు ఆగిపోతాయి. నా భార్య తలుపు సందులోంచి చూసి, "పాలాయన" అంటుంది. అప్పుడు మళ్లీ మొదలుపెడతాను. సోమవారం వస్తే మాత్రం గోదాములో అందరికీ వినబడేలా ఎరుపు అడుగుతాను.