పదమూడు వోల్టులు

మా ముత్తాతగారు ముక్తేశ్వరంలో కరణీకం చేశారు. తాతగారు అమలాపురం కోర్టు మెట్లెక్కితే ప్లీడర్లు లేచి నిలబడేవారు. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ కుర్చీకి వీపు ఆనించి కూర్చోరు. మొన్న నా స్కూటరు లిథియం బ్యాటరీ చూపించడానికి అమలాపురం వెళితే, దుకాణదారు ముందుగా దానికి పెద్ద బల్బు తగిలించి, అది వెలుగుతుండగా మీటరు పెట్టాడు. అంకె మెల్లగా దిగుతుంటే మా మేనత్తగారు గుర్తొచ్చారు.

అత్తయ్యగారు చివర్లో ఆక్సిజన్ మిషను మీదే ఉన్నారు. కరెంటు పోతే ఆధారంగా లిథియం బ్యాటరీ ఒకటి తెప్పించాం. దాని పెత్తనం ఆవిడ తమ్ముడు, మా చిన్నాన్నగారిది. ఆయన దాన్ని బీరువాలో వెండి కంచాల పక్కన పెట్టారు. శుక్రవారాలు బయటికి తీసి, గుడ్డతో తుడిచి, మీటరు తీగలు రెండు కొసలకూ ఆనించి, సంకల్పంలో గోత్రం చెప్పినంత గంభీరంగా "పదమూడు" అనేవారు. మిషను తగిలించి చూద్దామంటే, వాడితే అరిగిపోతుందనేవారు. ఒకసారి కరెంటు కొలవబోయి, మిషనుకు వెళ్లే తీగ మధ్యలో కలపాల్సిన మీటరును తిన్నగా బ్యాటరీ కొసలకే ఆనించారు. నిప్పురవ్వ లేచి మీటరు ఫ్యూజు పోయింది. ఫ్యూజు మార్చారుగాని ఆ పరీక్ష మళ్లీ చెయ్యలేదు. మావాళ్లు భంగపడిన వీధికి మళ్లీ వెళ్లరు.

తుపాను నాటి మధ్యాహ్నం కరెంటు పోయింది. పక్కింటాయన తడుస్తూ వచ్చి అడిగాడు.

"బాబుగారూ, సిలిండరు తెప్పించమంటారాండీ?"

"అక్కర్లేదండీ. మాకుంది" అని చిన్నాన్నగారు తలుపు వేశారు.

మిషను తగిలించగానే పదమూడు పన్నెండయింది, పదయింది, బ్యాటరీ తనంతట తనే ఆగిపోయింది. మిషను తీగలు ఊడదీసి కొలిస్తే అంకె మళ్లీ పైకి లేచింది. చిన్నాన్నగారు ఆ అంకెను అక్కగారికి చూపించారు.

ఆవిడ ఊపిరి కూడదీసుకున్నారు. "ఇదీ మనింటి మనిషేరా తమ్ముడూ. పని చెప్పనంతసేపూ పదమూడే."

చిన్నాన్నగారు గొడుగు లేకుండా పక్కింటికి పరిగెత్తారు. మా ఇంటి మగవాడు పరిగెత్తడం ఆ వీధి చూడడం అదే మొదలు. సిలిండరు వచ్చేసరికి దానితో అవసరం తీరిపోయింది.

నిండుగా నింపి దాచిపెట్టినా బ్యాటరీ లోపల ముసలిదవుతూనే ఉంటుందని మొన్న దుకాణదారు చెప్పాడు. నేను నిటారుగా కూర్చుని విన్నాను.

ఆ వెండి కంచాల్లో నేనెన్నడూ అన్నం తినలేదు. కిందటేడు అమ్మేశాం.