అరుగు గోడ మీద ఎర్ర గీత

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నరు పెద్దలు. ఇల్లు కొలిచి చూడు అని చెప్పుడు మాత్రం మర్చిపోయిన్రు. ఆ ఒక్క మాట గూడ చెప్పి ఉంటే, చిక్కడపల్లిల మా గల్లీ పదకొండు ఇండ్లను ఒక్క పొద్దుల ఏడిపించిన ఘనత నాకు దక్కకపోతుండె. నేను గొడ్డలి పట్టలే, గునపం పట్టలే. చేతిల ఉన్నది ఒక దారం, ఒక జాజు డబ్బా, జరంత తెలివి. ఆ తెలివే కొంప ముంచింది.

తొంభైలల్ల ముచ్చట ఇది. అప్పుడు నేను ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం చదువుతున్న. ఆ కాలం ఆర్కిటెక్చర్ పోరగాన్ని మీరు చూసిన్రో లేదో. భుజానికి డ్రాయింగు కాగితాల పొడుగు గొట్టం, నాలుగు రోజుల గడ్డం, ఏ గోడ కనపడ్డా కండ్లు చిన్నగ చేసి చూసుడు. గోడ పెచ్చులూడితే ఇంటోడు 'అయ్యో' అంటడు, మేం 'ఆహా' అంటం. గంతే తేడా.

మా కాలేజీకి ఇటలీ నుంచి ఇద్దరు విద్యార్థులు వచ్చిన్రు. లూకా అని పొడుగు పిలగాడు, మార్తా అని పొట్టి పిల్ల. మన ఊరు తిరిగి, బొమ్మలు గీసుకొని, తొలిచూపుల ఎట్ల అనిపించిందో వాళ్ల కాలేజీకి రాసియ్యాలె. తిరుగుడు వాళ్ల పని, తిప్పుడు నా పని. రెండు రోజులు చార్మినార్, గోల్కొండ తిప్పిన. మెట్లెక్కీ ఎక్కీ నాకే మోకాళ్లు పట్టుకున్నయి. మూడో రోజు బషీర్‌బాగ్‌ల చాయ్ తాగుకుంట మార్తా ఇంగ్లీషుల అడిగింది, "రాజులు కట్టినవన్నీ చూపిస్తున్నవ్. మీరు ఎక్కడుంటరు?"

నాకు రోషమొచ్చింది. "రేపు మా గల్లీకి రాండ్రి. అసలు హైదరాబాద్ ఆడున్నది" అన్న. మా గల్లీల చూడనీకి ఏమున్నదో అప్పటిదాక నేను గూడ ఎన్నడు చూడలే.

ఉన్నది చెప్పాలంటే పెంకుటిండ్లు, రెండు మిద్దెలు, ప్రతి ఇంటి ముందర ఒక అరుగు. నడుమ సుభద్రమ్మ పిన్నిగారి ఇల్లు. కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి ఈడనే పాతుకపోయిన కుటుంబం. ఆమె భర్త రావు గారు పోస్ట్‌మాస్టర్‌గ రిటైరయిన్రు. పక్షవాతమొచ్చి రెండేండ్ల సంది కాళ్లు పడ్తలేవు. స్నానమైనంక పట్టుకొచ్చి అరుగు మీద కూసోబెడితే మళ్ల అన్నానికే లోపలికి పోవుడు. సాయంత్రం మళ్ల అరుగే. పోయేటోళ్లు, వచ్చేటోళ్లు "నమస్తే రావు గారూ" అంటే ఆయన చేతికర్ర ఎత్తుతరు. ఆయనకు మిగిలిన ఊరు ఆ అరుగు ముందర నడిచే ఊరే.

గల్లీ మొత్తం ఒక్క బొమ్మల పట్టాలంటే అన్ని గోడల మీద ఒకే ఎత్తుల ఒక గీత ఉండాలె. ఆ గీతకు పైకెంత, కిందికెంత అని కొలుస్తం. సుద్దముక్క చాలు. కాని ఫారినోళ్ల ముందర సుద్దముక్కనా? అమ్మ గడపలకు పెట్టే ఎర్రమట్టి జాజు నీళ్లల్ల కలిపిన. దారం అండ్ల ముంచి, ఆ కొస లూకా, ఈ కొస నేను గట్టిగ పట్టి, నడుమ గుంజి ఇడిస్తిమి. గోడ మీద టప్పుమని ఎర్ర గీత. ఇట్ల పదకొండు ఇండ్లు. తర్వాత తలుపుల మీద ఇంగ్లీషుల 'డి' అని రాసి నెంబరేసిన. కిటికీల పక్కన 'డబ్ల్యూ', వెంటిలేటర్ల కింద 'వి'. బొమ్మల గుర్తుపట్టనీకి మా ఆర్కిటెక్టులు పెట్టుకునే గుర్తులు అవి.

ఇంటోళ్లను అడగాలె గద అంటరు మీరు. మన గల్లీనే గద అనుకున్న. మొగోళ్లు ఆఫీసులకు పోయిన్రు, ఆడోళ్లు వంటింట్ల ఉన్నరు, రావు గారు స్నానానికి పోయిన్రు. అడ్డం చెప్పేటోడు లేడు. చివరింటి కాడ కిరాణా దుకాణం యాదగిరన్న మాత్రం చూసిండు.

"ఏం చేస్తున్రు సీనూ?"

"డాక్యుమెంట్ చేస్తున్నమన్న."

"అంటే?"

ఆడికే నోరు మూసుకుంటే అయిపోతుండె. మా సారు క్లాసుల చెప్పిన మాట నాలుక మీదికొచ్చింది. "ఈ ఇండ్లు ఎంతో కాలం ఉండవు గదన్న. పొయ్యేముందు కొలిచి పెట్టుకోవాలె" అని చెప్పి, మా ఫారినోళ్లకు సమోసాలు తెస్తనని సైకిలెక్కి నారాయణగూడ చౌరస్తాకు పోయిన. ఆడ దోస్తు కలిసిండు. గంట అయింది.

వచ్చేసరికి గల్లీల సైకిల్ పట్టే జాగ లేదు. సుభద్రమ్మ పిన్నిగారి అరుగు కాడ పెండ్లివారి విడిది లెక్క ఉన్నది. లూకా ఒక చేతిల పెసరట్టు, ఇంకో చేతిల సర్వపిండి. మోకాలి మీద గారెల పళ్లెం. యాదగిరన్న అట్టముక్కతోని ఇసురుతున్నడు. మార్తా రావు గారి పక్కన కూసోని, ఆయన ఇంగ్లీషుల ఏదో చెప్తుంటే తలెత్తకుండ రాసుకుంటున్నది.

"సీనూ, మమ్మల్ని చూసి ముందు ఏడ్చిన్రు, తర్వాత వడ్డించిన్రు. ఇంత మర్యాద మేం ఏ దేశంల చూడలే" అన్నడు లూకా, నోరు నిండ గారెతోని.

"హైదరాబాదంటే గంతే" అన్న నేను, ఆ గారెలు నేనే వండినట్టు.

యాదగిరన్న నన్ను పక్కకు గుంజిండు. "జర నువ్వన్న చెప్పు సీనూ. దుకాణం రెండడుగులు ఎనక్కి జరుపుకుంట. మొత్తం కొట్టేయద్దను."

"ఏం కొట్టేసుడన్న?"

"నా దగ్గర దాస్తవేంది? ఫారిన్ ఇంజనీర్లు. గల్లీ మీదికెల్లి ఫ్లైఓవర్ ఏస్తున్రు. డి అంటే డిమాలిష్. డబ్ల్యూ అంటే వైడెనింగ్. మునిసిపల్ ఆఫీసుకు తిరిగినోన్ని, నాకు తెల్వదా?"

"మరి వి?"

"వెకేట్. ఖాళీ చేసుడు" అన్నడు.

ఇగ నా అసలు తప్పు వినుండ్రి. అప్పుడే నిజం చెప్పాలె నేను. చెప్పలే. ఇరవై ఏండ్లోనికి గల్లీ పెద్దలంత చేతులు కట్టుకొని నిలబడితే ఎట్లుంటది? మా నాయనకు గూడ దక్కని మర్యాద. "చూద్దాం అన్న, మాట్లాడి చూస్త" అన్న, పెద్ద ఆఫీసర్ లెక్క. ఎవరో నా చేతిల గూడ గారెల పళ్లెం పెట్టిన్రు. తిన్న. మస్తు రుచిగున్నయి. డ్రాయింగోనికి చెలగాటం, ఇంటోనికి ప్రాణసంకటం.

రెండో గారె తింటుంటే సుభద్రమ్మ పిన్నిగారు వచ్చి నా పక్కన నిలబడింది. కొంగు చేతుల నలుపుకుంటున్నది.

"సీనూ, వాళ్లతో ఒక్క మాట చెప్పవా బాబూ. వంటిల్లు కొట్టుకోమను. పడకగది కావాలన్నా తీసుకోమను. అరుగు మాత్రం వదిలెయ్యమను. అరుగు పోతే ఆయన్ని ఎక్కడ కూర్చోబెట్టను చెప్పు?"

ఆమె అరుగు దిక్కు చూసి, గొంతు తగ్గించింది.

"ఆయనకింకా తెలీదు. గీత కనపడకుండా తువ్వాలు ఆరేశాను. ఆ అమ్మాయితో ఎంత సంతోషంగా మాట్లాడుతున్నారో చూడు. రెండేళ్ల తర్వాత ఇదే ఇంతసేపు మాట్లాడ్డం."

చూసిన. రావు గారి ఎనక, అరుగు గోడ మీద తడి తువ్వాలు మేకులకు తగిలించి ఉన్నది. దాని అంచు కింద నా ఎర్ర గీత జరంత కనపడుతున్నది. చేతిల గారె పళ్లెంల పెట్టేసిన. సిగ్గుతోని చచ్చిపోదామనిపించింది, నిజంగ.

"పిన్నిగారూ, డి అంటే డోర్" అన్న.

"ఏమిటి?"

"డోర్. తలుపు. డబ్ల్యూ అంటే విండో. వి అంటే వెంటిలేటర్. వీళ్లు ఇంజనీర్లు కారు, నా లెక్కనే చదువుకునేటోళ్లు. బొమ్మ గీసుకోనీకి వచ్చిన్రు. గీత నేనే కొట్టిన. రాతలు నేనే రాసిన. ఎవ్వరి ఇల్లు ఏడికి పోదు."

యాదగిరన్న నా మొఖం చూసిండు, తలుపు మీది డి చూసిండు, మళ్ల నా మొఖం చూసిండు. అట్టముక్క కింద పెట్టి, వచ్చి నా చేతిల పళ్లెం తీసుకొని పోయిండు. సుభద్రమ్మ పిన్నిగారు మాత్రం నా చెయ్యి పట్టుకొని, "నిజమేనా బాబూ? నిజమేనా?" అని మూడుసార్లు అడిగింది. ఆమె తిట్టినా బాగుండు.

తీర్పు గల్లీనే చెప్పింది. తుడువాలె. బకెట్ నీళ్లు పట్టుకొని రుద్దితే జాజు పోలే, సున్నం గోడంతా గులాబీ రంగుకొచ్చింది. అప్పుడు రెండో తీర్పు. పదకొండు ఇండ్ల ముందు గోడలకు సున్నమెయ్యాలె. మూడు రోజులు ఏసిన. ఏమైందో లూకాకు, మార్తాకు ఇంగ్లీషుల చెప్పే ధైర్యం నాకు లేకపాయె. ఇది మా రివాజు అన్న. పాపం, వాళ్లు గూడ కుంచెలు పట్టిన్రు.

సుభద్రమ్మ పిన్నిగారి గోడ వంతు వచ్చినప్పుడు రావు గారు అరుగు చివర కూసోని చూస్తున్నరు. పిన్నిగారు లోపలికి పోంగనే కర్రతోని నన్ను పిలిచిన్రు.

"ఒరేయ్ సీనూ. ఆ తువ్వాలు ఎందుకు ఆరేసిందో నాకు తెలీదనుకుంటోంది మా ఆవిడ. ముప్ఫై ఏళ్లు ఊళ్లో వాళ్లందరి చేతిరాతలూ చదివినవాణ్ణి. ఆ డి చూడకుండా ఉంటానా?"

"మరి ఒక్క మాట గూడ అనలేదు మీరు?"

"అంటే ఆవిడ బెంగెట్టుకుంటుంది. అరుగు పోతుందనే అనుకున్నాను రా. అందుకే ఆ పిల్లని కూర్చోబెట్టుకుని ఈ అరుగు మీద ఎవరెవరు కూర్చున్నారో, ఏమేం మాట్లాడుకున్నామో అన్నీ చెప్పేశాను. ఇక్కడ పోయినా, ఆ ఇటలీలో ఏదో ఒక నోటు పుస్తకంలో ఉంటుంది కదా అని."

ఒకరికి తెల్వకుండ ఒకరు ఆ పొద్దంతా ఆ భయాన్ని దాచుకున్నరు, నేను రాసిన ఒక్క అక్షరానికి. కండ్లల్ల నీళ్లొచ్చినయి. సున్నం పడ్డదని చెప్పిన.

"సున్నమే లే. పైన చారలొస్తున్నాయి, సరిగ్గా వెయ్యి" అన్నరు ఆయన.

కొన్ని నెలలకు మార్తా దగ్గర్నుంచి కవరొచ్చింది. అండ్ల మా గల్లీ బొమ్మ. అరుగు మీద రావు గారు, చేతిల కర్ర ఎత్తి. బొమ్మ కింద, కాలేజీకి రాసిచ్చిన తొలి అభిప్రాయం. అరుగు మీద అందరి ముందర రావు గారే చదివి తెలుగుల చెప్పిన్రు. "హైదరాబాదులో మీరు ఇల్లు కొలిస్తే ఇంటివాళ్లు ముందు ఏడుస్తారు. తర్వాత కడుపు నిండా తిండి పెడతారు. ఆ తర్వాత కొలిచినవాడి చేతనే సున్నం వేయిస్తారు. ఇంత గొప్ప ఆచారం ఇంకెక్కడా లేదు. అయితే ఈ ఊళ్లో ఆర్కిటెక్చర్ చదవడం మాత్రం చాలా కష్టం."

యాదగిరన్న నవ్వి నవ్వి దుకాణం స్టూలు మీదికెల్లి పడ్డడు.

అప్పుడే, ఆ పదకొండు ఇండ్ల సాక్షిగ ఒట్టు పెట్టుకున్న, ఇప్పటిదాక తప్పలే. ఇంటోళ్లను అడగకుండ ఎవ్వరి గోడ ముట్ట. ఇంగ్లీషు అక్షరం అసలే పెట్ట. రాయాల్సొస్తే సుద్దముక్కతోని, 'తలుపు' అని పూర్తిగ తెలుగుల రాస్త. ఉత్త 'త' అని మాత్రం రాయ. తవ్వుడనుకుంటరు.