గోదారి అనలేని పిల్ల

మొన్న ఆదివారం అమలాపురంలో మా ఆయన పేరు మీద సభ పెట్టి, నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఒక కాలేజీ మేష్టారు మైకు పట్టుకుని, అచ్చం ఆయనలాగే మాటలు విరగ్గొట్టి, ఎక్కిళ్లు పెట్టి కవిత్వం చెబుతుంటే అందరూ పులకించిపోయారు. నేను మాత్రం శాలువా తీసి ఒళ్లో పెట్టుకున్నాను. చదువులేనిదాన్ని, నేను చెబుతుంటే పక్కింటి కోడలు రాస్తోంది. మాట మొరటుగా ఉంటే నన్నే తిట్టుకోండి.

తొంభైల నాటి సభలు చూసినవాళ్లకు ఆయన గుర్తుండే ఉంటారు. కాగితం ముట్టేవారు కాదు. జనంలోంచి ఎవరైనా ఒక మాట అందిస్తే చాలు, కాలవలోకి దూకినట్టు అందులోకి దూకి, అరిచి, గొణిగి, బస్సు కండక్టరులా కేకలేసి, అక్కడికక్కడే కవిత్వం పుట్టించేవారు. కొత్తపేటలో మెచ్చుకుంటే రాజోలులో నవ్వారు. ఇంట్లో పొయ్యి మాత్రం నేను అంబాజీపేట కొట్లలో కొబ్బరికాయలు కొట్టి వెలిగించేదాన్ని. అది కష్టమనుకోలేదు, ఆయన్ను చూసుకుని మురిసినదాన్నే.

మాకు ఒక్కతే కూతురు. దానికి నత్తి. తీరిగ్గా వింటే అన్నీ చెప్పేది, తొందరపెడితేనే మాట గొంతులో ఇరుక్కునేది. ఒక సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చుని దాని కబుర్లు చాలాసేపు విన్నారు. తండ్రి ముద్దుగా వింటున్నాడనుకున్నాను. ఆ వారమే సభలో దాని నత్తి ఆయన నోట్లోంచి వచ్చింది. జనం వెర్రెత్తిపోయారు. పిల్ల నా కొంగు పట్టుకుని ఏడిస్తే వెళ్లి అడిగాను.

“అలా అనకండి, పిల్లకి సిగ్గేస్తోందండి.”

“పిచ్చిమొహమా, అది నత్తి కాదే, కొత్త నడక! నీకేం తెలుస్తుంది, వెళ్లి కాయలు కొట్టుకో.”

తర్వాతి సభలో ఏకంగా దాన్నే వేదిక ఎక్కించారు. ఎవరో గోదారి అని మాట అందించారు. “అనవే అమ్మా, గోదారి అను” అన్నారు ఆయన. పిల్ల గో, గో అంటూ ఆగిపోయింది. మెడ నరాలు పొంగాయి. అది నేర్పించిన విద్య అనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఏడ్చింది. ఏడుపుకీ కొట్టారు. ఆడవాళ్ల మధ్య నుంచి లేచి, “ఆపండి బాబూ, అది నిజం నత్తండీ!” అని అరిచాను. అదీ ఆటలో భాగమే అనుకున్నారు కాబోలు, నా వైపు తిరిగి మరీ కొట్టారు.

బడిలో దానికి గోగో అని పేరు పడింది. అంతటితో పిల్ల నోరు మూసుకుంది. ఆయన ఆ నడకతోనే పేపర్లకెక్కి, సన్మానాలు చేయించుకుని, ఒకనాడు గుండె ఆగి పోయారు. అప్పటికే ఇంటిపనికి కువైట్ వెళ్లిన కూతురు తండ్రిని చూడ్డానికి రాలేదు.

ఆ రోజుల్లో కువైట్ ఫోనంటే బూత్ దగ్గర పడిగాపులు పడేవాళ్లం. ఇప్పుడు మంచం మీద కూర్చునే ఫోనులో దాని మొహం చూసుకోవచ్చు. దానితో పనిచేసే కాట్రేనికోన ఆవిడ సెలవుకొచ్చి, “మీ అమ్మాయి అరబ్బీ గడగడా మాట్లాడేత్తాదండీ, ఇంటావిడతో పోట్లాడేత్తాదండీ బాబూ!” అని నవ్వింది. తెలుగులోనే దానికి నోరు పెగలదు. తడబడకుండా వచ్చే మాట ఒక్కటే మిగిలింది, మా వైపు అవునండీ అనడానికి అనే ఆయ్. తిన్నావా అంటే ఆయ్ అంటుంది, ఒంట్లో బాగుందా అంటే ఆయ్ అంటుంది.

వస్తావా అంటే కూడా ఆయ్ అనే అంటుంది. రాదు.